అర్థం పక్కన సంతకం

నవల అచ్చయి నెలయింది. మెచ్చుకున్న నోరు ఒక్కటీ లేదు.

"సగం పుస్తకం మీ భాషలో రాస్తే మా గతేంటి? ఆ పాటలేంటో, పొడుపుకథలేంటో! సగమే అర్థమైంది, సగం మార్కులే" అని ఒకాయన ఉత్తరం రాశాడు.

రెండు భాషలూ వచ్చిన వదినైతే ఫోన్లో దులిపేసింది. "ఇంటి గుట్టంతా వీధిలో పెట్టావు కదే! నీతో చెప్పుకున్నందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి."

నవల రాసిన ఆమె పాపను ఒళ్ళో వేసుకుని కుమిలిపోయింది. నలుగురికీ చెప్పుకోగలిగినవి ఇక్కడి భాషలో రాసింది. చెప్పుకోలేనివి అమ్మ నేర్పిన భాషలో దాచింది. అందులో పాప తండ్రికి ఒక్క ముక్క రాదు. అదొక్కటే ధైర్యం. పాప ఎవరి దగ్గర పెరగాలో సోమవారం కోర్టులో తేలుతుంది మరి.

శుక్రవారం మధ్యాహ్నం ఒకావిడ తలుపు తట్టింది. చేతిలో నవల. పేజీల నిండా రంగు చీటీలు.

"అక్కా, మూడుసార్లు చదివాను. మీ భాష కూడబలుక్కుని చదివేంతే వచ్చు నాకు. కొన్ని తెలియలేదు, విసుక్కోకూడదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గబగబా టీ పెట్టింది. పాప అప్పుడే ఆవిడ తాళాలగుత్తి లాక్కుని ఆడుకుంటోంది.

"ఇక్కడ 'మెట్ల పాట' అన్నారు. మీవైపు పాటా?"

"పాటా పాడా! పాప ఏడుపు ఆపకపోతే, బయట గొళ్ళెం పెట్టేసి, మెట్లమీద కూర్చుని, చెవులు మూసుకుని ఏదో ఒకటి పాడుకునేదాన్ని."

"మీరా? కథలో అమ్మాయి కదూ?"

"కథేముందిలే అమ్మా, అంతా నేనే."

"ఎంతసేపు కూర్చునేవారక్కా?"

"ఒకసారి... గంట. లోపల దానికి జ్వరం."

ఆవిడ చెయ్యి నిమిరింది. "ఏ తల్లికి తప్పింది! ఈ అర్థం పక్కనే మీ చేత్తో రాసివ్వరూ? కింద సంతకం, తేదీ. దాచుకుంటాను."

ఒక్కో చీటీ దగ్గరా ఆమె వివరంగా రాసింది. గుండ్రంగా సంతకం పెట్టింది. ఆవిడ పాప బుగ్గ పుణికి వెళ్ళిపోయింది.

పుస్తకాన్ని ఇన్నాళ్ళకు ఒక్కరైనా పూర్తిగా చదివారు. ఆ రెండు రోజులూ ఆమెకు కంటినిండా నిద్రపట్టింది.

సోమవారం కోర్టులో పాప తండ్రి తరఫున నల్లకోటు సర్దుకుంటూ లేచి, రంగు చీటీల నవలను జడ్జిగారి బల్లమీద పెట్టింది ఆ పాఠకురాలే.