కొట్టేసిన వాక్యం

మార్చి 14, గురువారం. ఆసుపత్రి లాండ్రీ కార్మికుల సంఘం నాయకత్వ ఎన్నికలో పెద్దమ్మ ఓడిపోయిందని పొద్దున్నే కబురొచ్చింది. ఇరవయ్యేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషి మీద, నిన్నగాక మొన్న చేరిన ఇస్త్రీ మేస్త్రీ గెలిచాడు.

పెద్దమ్మ ప్రసంగమంతా ఒక్క ముక్క: "ఆవిరి గొట్టం కారుతోంది. ఎవరి ఒళ్లయినా కాలకముందే బాగుచేయిస్తాను." మేస్త్రీ ప్రసంగానికి మాత్రం చప్పట్లు ఆగలేదు.

పెద్దమ్మ తాపీగా టీ తాగుతోంది. నేను నా గ్లాసు పక్కన పెట్టేశాను.

"నేను ఓడిపోతే నీ మొహం మాడిందేమే?" అని నవ్వింది. "నా ఓటు కూడా అతనికే వేశాను."

"నీకు నువ్వు వేసుకోలేదా!"

"'మనం ఉతికిన ప్రతి దుప్పటీ ఎవరో రోగికి కంటినిండా నిద్ర' అన్నాడే! మన పని మీద అంత మనసున్నవాడు గొట్టం సంగతి మర్చిపోతాడా? నాకంటే గట్టిగా అడుగుతాడు."

ఆ మాటలు నావి. మేస్త్రీ బతిమాలితే, నా రాతకు గిరాకీ వచ్చిందని మురిసిపోయి రాసిచ్చాను. అందులో గొట్టం గురించి కూడా ఒక వాక్యం ఉండేది. "అది తీసెయ్యమ్మా, యజమానికి కోపమొస్తుంది" అన్నాడు. అది లేకపోతే చదవడానికి ఇంకా బాగుందనిపించి, నా చేత్తోనే కొట్టేశాను.

ఈ సంగతి పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు. చిత్తుప్రతి నా దగ్గరే ఉంది. రేపు ఉదయం మొదటి షిఫ్టు గంటకు ముందే దాన్ని పెద్దమ్మ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఆమె వెంట లాండ్రీ గేటు దాకా వెళ్లి, కొట్టేసిన వాక్యంతో సహా అందరికీ చదివి వినిపించాలి.