ఒక్కరి ఖర్చు

"ఉద్యోగం మానేస్తే తినేదేటండీ? మీకింకా నలభై ఎనిమిదే," అంది వర్ధనమ్మ మంచం మీంచే.

నర్సీపట్నం తాలూకాఫీసు గుమాస్తా సోమసుందరం తలెత్తలేదు. ముందే రిటైరవుతానని అర్జీ రాస్తున్నాడు. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి భార్యను నిన్ననే ఇంటికి తీసుకొచ్చాడు.

"నిన్ను చూసుకుంటూ ఇంట్లోనే ఉంటాను. పెన్షనొస్తుంది. పీఎఫ్ ముప్పై వేలు బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది. లెక్క వేశాను, జీవితాంతం సరిపోతుంది."

"ఏదీ, ఆ లెక్క ఇలా ఇవ్వండి."

చీటీ తీసుకుని చదివింది. నెలకు బియ్యం పది కిలోలు. రోజుకు పాలు పావు లీటరు. మందుల ఖర్చు ఎక్కడా లేదు. ఇరవై ఐదేళ్లు ఈ ఇల్లు నడిపిన మనిషి ఆమె. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇది ఒక్కరికే కదండీ."

అతని కలం ఆగిపోయింది.

"డాక్టరుగారు ఎన్నాళ్లన్నారేటి?"

"మూణ్ణెల్లు," అన్నాడు కలం కింద పెట్టి.

వర్ధనమ్మ చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

"మూణ్ణెల్లకి ఉద్యోగం మానడమెందుకండీ? సెలవు పెట్టండి, చాలు. ఆ తర్వాత పగలంతా ఈ ఇంట్లో ఒక్కరూ ఎలా కూర్చుంటారు?"