చీటీలో పారిస్

ఊళ్లో అందరిళ్లలోలాగే మా ఇంట్లో కూడా ఏ సంగతైనా గోడలోని యంత్రమే తేలుస్తుంది, మేం నోరు విప్పకముందే. ఈ సెలవులకి పారిసా, రోమా అన్నదైనా మనమే తేల్చుకుందామని నా భార్య హైమ రెండు చీటీలు రాసి దేవుడి పటం ముందు వేసింది. కళ్లు మూసుకుని నేనొకటి తీశాను.

పారిస్!

"ఇది నువ్వు చెప్పగలిగేదానివా?" అని గోడకేసి అరిచాను.

"ఒకసారి మేడమ్‌గారి మొహం చూడండి సార్," అంది యంత్రం.

చూశాను. హైమ పైకి నవ్వుతూనే, రోమ్ అని రాసిన రెండో చీటీని మెల్లగా నలిపేస్తోంది.

"పోనీలే హైమా, రోమ్‌కే వెళ్దాం," అన్నాను.

"పొద్దున్నే బుక్ చేశాను సార్. కిటికీ సీటు మేడమ్‌గారికి వేశాను. మీరెలాగూ ఇచ్చేస్తారుగా!"