పక్క సీటు

తాగి కారు నడిపి దొరికిపోయినందుకు ఏడాది క్రితం నా లైసెన్సు లాక్కున్నారు. అది తిరిగి ఇవ్వాలంటే మళ్లీ నడిపి చూపించమన్నారు.

“కానివ్వండి” అంటూ ఇన్‌స్పెక్టరు ఆఫీసు కారు తాళాలు చేతికిచ్చాడు. నేను ఠీవిగా వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించాను.

“అద్దం చూసుకో. క్లచ్ మెల్లిగా వదులు. అబ్బా, మెల్లిగా అంటే వినవేం!” అని కసిరాను.

కారు కదలదే! చూస్తే స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. పక్క సీట్లో కూర్చోవాల్సిన ఇన్‌స్పెక్టరు బయట నోరెళ్లబెట్టి నిలబడ్డాడు.

“ఏడాదిగా మా ఆవిడే నడుపుతోందండీ. అలవాటైపోయింది” అన్నాను.

ఆయన నవ్వాపుకుని ఇంకో అవకాశం ఇచ్చాడు. గట్టెక్కాను.

లైసెన్సు జేబులో పెట్టుకుని, మీసం మెలేస్తూ మా కారు దగ్గరికి వచ్చాను. ఏడాది పాటు నేనేమన్నా కిక్కురుమనని మా ఆవిడ, తాళాలు నా చేతిలో పెట్టి పక్క సీట్లోకి జరిగింది. బెల్టు బిగించుకుంది. గొంతు సవరించుకుంది.

“అద్దం చూసుకోండి. క్లచ్ మెల్లిగా వదలండి. అబ్బా, మెల్లిగా అంటే వినరేం!”

నేనింకా తాళమైనా తిప్పలేదు.

కారు దిగి మళ్లీ ఇన్‌స్పెక్టరు ఆఫీసులోకి పరిగెత్తాను.

“సార్, ఆ శిక్ష ఇంకో ఏడాది పొడిగించడానికి వీలవుతుందా?”