యాభై లోపు సున్నా

"ఆ సున్నాల జోలికి రాకురా. ఇన్నేళ్లలో ఎవడూ రాలేదు," అన్నాడు పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

భోజనాల బల్ల మీద పళ్లేలు పక్కకి జరిగాయి. వాటి చోట ఒక పెద్ద కాగితం పరుచుకుంది. దేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో బతుకుతున్న మగవాళ్లు ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఏ దశలో ఎందరు అని అంచనా వేసిన పట్టిక అది. పైనుంచి కిందికి వయసులు, పక్కగా నాలుగు దశలు. అన్ని వరుసల్లోనూ అంకెలు కిక్కిరిసి ఉన్నాయి. యాభై ఏళ్ల లోపు వరుసలో మాత్రం నాలుగు సున్నాలు.

ఆ పట్టిక కట్టింది పెద్దాయనే. రిటైరై చాలా కాలమైనా, అచ్చుకి పంపే ముందు కమిటీ ఆయన్ని ఒక మాట అడక్క మానదు. ఆఫీసులో ఆయన్ని చాటుగా 'ఫుల్‌స్టాప్' అనేవాళ్లు. ఆయన నోరు విప్పాక ఇంకొకళ్లకి వాక్యం మిగిలేది కాదు. కొడుకూ అదే శాఖలో చేరాడు. తండ్రి కుర్చీ రాలేదు గానీ తండ్రి మొండితనం వచ్చింది.

రేపు పొద్దున కమిటీ. పెద్దాయన సరేనంటే సున్నాలు పోతాయి. కాదంటే ఇంకో ఐదేళ్లు అక్కడే ఉంటాయి. ఈ పట్టిక చూసే ప్రభుత్వం మందులు కొంటుంది, ఆసుపత్రులకి పంచుతుంది. సున్నా ఉన్న గడికి ఒక్క ఇంజక్షన్ కూడా రాదు.

కొడుకు నడుం వెనక దిండు సర్దుకున్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నడుం పాడుచేసుకున్నాడని తండ్రి రోజూ సాధిస్తూనే ఉంటాడు.

"ఆసుపత్రుల్లో వెతికితే ఆ వయసులో దొరికేది ఒకడో ఇద్దరో," అన్నాడు పెద్దాయన. "ఆ ఒక్కణ్ణి పట్టుకుని దేశమంతటికీ గుణించావనుకో, లేని రోగులు వేలల్లో పుట్టుకొస్తారు. నాకే లెక్కలు చెప్తున్నావా? తొమ్మిదో ఎక్కం రాక ఏడ్చింది గుర్తుందా?"

"గుర్తుంది. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయేనని నేర్పిందీ మీరే నాన్నా. ఇంజక్షన్లకీ అదే లెక్క."

"డైలాగులు కమిటీలో కొట్టకు, నవ్వుతారు. ఇది ముసలాళ్ల జబ్బురా. నన్ను చూడు. మొదటి దశ. ఎనిమిదేళ్లయింది. నా పట్టికలో నా గడిలో నేను హాయిగా కూర్చున్నాను."

హాయి అన్నది ఆయన మాట. ఆ ఇంట్లో బాత్రూము లైటు ఆరడం మానేసింది. నొప్పి బిళ్లల డబ్బా ఫ్రిజ్ మీద కాపురం పెట్టింది. తోడుగా ఉంటానని కొడుకు మేడ మీద గది వదిలి కింద హాల్లోకి మకాం మార్చాడు. కోడలు నవ్వి చాలా కాలమైంది.

"డాక్టర్లు చదువుకునేదీ ఈ పట్టికే," అన్నాడు కొడుకు. "చిన్న వయసువాడు వెళ్తే, ఈ వయసులో అది రాదులెండి అని రక్తపరీక్ష కూడా రాసివ్వరు. తెలిసేసరికి ఎముకల్లోకి పాకిపోయి ఉంటుంది."

"అది డాక్టరు తప్పు. నా పట్టిక తప్పెలా అవుతుంది?"

పెద్దాయన చెడ్డవాడేం కాదు. మనుషులంటే ఆయనకి ఇష్టమే, పదివేలకి తగ్గకుండా ఉంటే. కొడుకుకి కోపం రావలసిన చోట జాలేసింది. ఇంక వాదించడానికి ఓపిక కూడా లేకపోయింది.

కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి మొగుడి వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

"సరే, నీ మాటే విందాం," పెద్దాయన పెన్ను మూత తీశాడు. "ఒక్కణ్ణి చూపించు. మోడలూ గీడలూ కాదు, మనిషిని. వయసు, దశ, తండ్రి పేరు చెప్పు. ఒక్కడుంటే చాలు, ఈ సున్నాని నా చేత్తో నేనే కొట్టేస్తాను."

కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"చూశావా? లేడు!" పెద్దాయన గెలిచినవాడిలా నవ్వాడు. నెల రోజులుగా నలుగుతున్న గొడవ తీరిందనుకుని, పట్టిక అడుగున సంతకం పెట్టబోయాడు.

కోడలు చేతిలో గిన్నె కింద పెట్టింది. తడి చేతులతోనే వచ్చి ఆయన పెన్ను పట్టుకుని ఆపింది. ఈ ఇంటికి వచ్చాక ఆయనకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు.

"రాసుకోండి మామయ్యగారూ, వయసు నలభై ఆరు, దశ నాలుగు, తండ్రి పేరు మీదే."