పదేళ్ళుగా దగ్గరగా చూసినవారు

ఇంట్లో పద్నాలుగు పెన్నులుంటాయి. ఫారం నింపాల్సిన రోజున ఒక్కటీ రాయదు. ఆ ఆదివారం పొద్దున ఆయన పదమూడో పెన్నును అరచేతుల మధ్య రుద్ది, నోటితో ఊది, దాని వంశాన్నంతా తిట్టాక, పద్నాలుగోది దయతలచింది.

ఫారం మామూలుది కాదు. మందుల గోదాములో ఆయనది ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. నాలుగు వేల రకాల మందుల్లో ఏది ఏ అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయినా గోదాము మేనేజరు కుర్చీ మూడుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇది నాలుగోసారి. రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉంది కాబట్టి ఆఖరిసారి కూడా. ఈసారి కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. పనితనంతో పాటు మనిషి స్వభావం కూడా చూస్తారట. అందుకు రెండు ఫారాలు. రెండూ సోమవారం పదింటికల్లా ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా పేరు కొట్టేస్తారు.

మొదటిది తన గురించి తానే నింపుకునేది. అరవై వాక్యాలు, పక్కన గడులు.

'నా వస్తువులు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉంటాయి.' పూర్తిగా నిజం, అని టిక్కు పెట్టాడు. కళ్ళజోడు టీవీ పక్కన, సాక్సులు జతలు జతలుగా, బీపీ మాత్ర కాఫీ కప్పు పక్కన. ఏనాడూ దేన్నీ వెతుక్కున్న పాపాన పోలేదు.

'అయినవాళ్ళ పుట్టినరోజులు గుర్తుంచుకుంటాను.' ఇదీ నిజమే. ఆయన ఫోన్లోంచి శుభాకాంక్షలు అందని బంధువు లేడు.

'నాకు త్వరగా కోపం రాదు.' పెన్ను మళ్ళీ మొరాయించింది. దాన్ని గోడకేసి కొట్టి, వెళ్ళి తెచ్చుకుని, పూర్తిగా నిజం అని టిక్కు పెట్టాడు.

అరవైలో యాభై ఎనిమిది సద్గుణాలు తేలాయి. మిగతా రెండింట్లో ప్రశ్నే తప్పుగా అడిగారని వదిలేశాడు.

రెండో ఫారం దగ్గర బండి ఆగింది. అవే అరవై వాక్యాలు. కానీ నింపాల్సింది ఆయన కాదు. 'మిమ్మల్ని కనీసం పదేళ్ళుగా దగ్గరగా చూసినవారు నింపి సంతకం చేయాలి. తోటి ఉద్యోగులు పనికిరారు.'

"పదేళ్ళుగా... దగ్గరగా..." అని గొణిగాడు. ఆయనకు మనసులో అనుకునే అలవాటు లేదు. ఏదైనా పైకే అనుకుంటాడు, వినేవాళ్ళెవరూ లేరన్నట్టు.

తమ్ముడికి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టి మరీ.

"ఒరేయ్, నేనెలాంటివాణ్ణిరా?"

"ఏమైందన్నయ్యా? డాక్టరేమన్నా అన్నాడా?"

"నీ మొహం. అడిగిందానికి చెప్పు."

"మంచివాడివి."

"ఇంకా?"

"ఇంకా... పొడుగ్గా ఉంటావు."

"వాళ్ళడిగింది పొడుగు కాదురా, స్వభావం!"

"అదే నాకూ అంతుపట్టదన్నయ్యా. మొన్న నా పుట్టినరోజుకి నువ్వు పంపిన నాలుగు ముక్కలు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా. ఇప్పుడేమో లాఠీ పట్టుకున్నట్టు మాట్లాడుతున్నావు. నాకైతే నువ్వు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తావు. ఏ ఒక్కడి గురించి రాయమంటావు?"

ఫోన్ పెట్టేశాడు.

అంతలో ఎదురు ఫ్లాట్ మాస్టారు, తీసుకెళ్ళిన పేపరు తిరిగివ్వడానికి గుమ్మంలోకి వచ్చారు. పదకొండేళ్ళ పరిచయం. దేవుడే పంపాడనుకుని ఫారం ఆయన చేతిలో పెట్టాడు.

"అయ్యో, దానికేం భాగ్యం! మీరు చాలా నెమ్మదస్తులండీ. ఇంట్లోంచి నవ్వైనా, పోట్లాటైనా ఒక్కనాడూ వినబడలేదు. కొత్తల్లో ఈ ఫ్లాట్ ఖాళీయేమో అనుకున్నాం మేము." మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. పైన ఖాళీ గడి దగ్గర ఆగారు. "ఏమీ అనుకోకండి. ఇంతకీ మీ పేరేమిటన్నారు?"

ఆయన ఫారం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

చివరికి, పదిహేనేళ్ళుగా జుట్టు కత్తిరిస్తున్న సెలూన్ అతనికి కూడా ఫోన్ చేశాడు.

"సార్, మీ తల వెనక భాగం గురించైతే పుస్తకమే రాసిస్తా. రెండు సుడులు, ఎడం చెవి కాస్త కిందికి. మనిషి గురించంటే ఎలా సార్? కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూసేసుకుంటారు కదా మీరు."

బల్ల మీద భోజనం చల్లారిపోయింది. మామూలుగా ఒంటిగంట కొట్టేసరికి చేయి కడుక్కుని కూర్చునే మనిషి, ఇవాళ సోఫాలోంచి లేవలేదు.

"యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇంత లోకంలో నన్నెరిగిన మనిషి ఒక్కరూ లేరు," అన్నాడు, తిరుగుతున్న ఫ్యానుతో.

గొంతు జీరపోయింది. ఆ గొంతు జీరపోవడం ఇది రెండోసారి. మొదటిసారి వాళ్ళమ్మ పోయినప్పుడు. అప్పుడు బాత్రూంలోకి వెళ్ళి, ఎవరికీ వినబడకూడదని కుళాయి తిప్పుకున్నాడు. బకెట్ నిండి పొర్లిన చప్పుడు గంటసేపు వినబడింది.

సోఫాలోనే ఒరిగిపోయాడు. కుడిపక్కకు తిరిగితే గురక పెడతాడు. ఎడమపక్కకు తిరిగితే గోదాములో అరల నంబర్లు చదువుతాడు. ఇవాళ ఎడమపక్కకు తిరిగాడు. దుప్పటి మోకాళ్ళదాకా కప్పితే చాలు. అంతకన్నా పైకి లాగితే మేలుకుంటాడు.

ఫారం ఖాళీగా బల్ల మీద ఉంది. తెల్లవారితే సోమవారం.

చదివేవాళ్ళు మీరైనా ఒక దారి చెప్పి పుణ్యం కట్టుకోండి: ఆయన లేచేలోగా ఆ అరవై గడులూ నింపి కింద సంతకం పెట్టేయనా, లేక ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటున్న భార్యను కూడా ఒక మాట అడగొచ్చని ఆయనకు తోచేదాకా ఇలాగే కూర్చోనా?