హోల్ లేని పిన్‌బాల్

కింది రెక్కలతో బంతిని పైకి కొడుతూ ఆడే పిన్‌బాల్ మిషన్లలో అరుదైనవి ఎక్కడున్నా వెతుక్కుంటూ వెళ్లి ఆడే భానుప్రసాద్, మందమర్రిలో బాబు మియా సొంతంగా చేసిన మిషన్ మీద గంట నుంచి ఆడుతున్నాడు. ఆట అయిపోవడం లేదు.

"చాచా, రెక్కల నడుమ బంతి పడిపోయే హోల్ పెట్టుడు మర్చిపోయినవా?"

"మర్చిపోలే. పెట్టలే."

"ఓడిపోకుంటే ఇదేం ఆట? హోల్ కొట్టియ్యి, నేనే కొంట."

"కొట్టనే కొట్ట."

బాబు మియా అద్దం తుడుస్తూనే చెప్పాడు.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయి మీద టోపీలైట్లు ఇచ్చిన బిడ్డా. కార్మికులు బాయిలకు దిగేటప్పుడు ఇచ్చుడు, పైకొచ్చినంక తీసుకునుడు. డ్యూటీ దిగేసరికి అన్నీ తిరిగి రావాలె."

"వచ్చేటియా?"

"ఒక్క దినం ఒకటి రాలే. మా తమ్మునిది."

బంతి కిందికి దొర్లుకుంటూ వచ్చింది. భానుప్రసాద్ దాన్ని పైకి కొట్టాడు.